ఎర్రచేపల మడుగు

చేప పొట్టను మెడ నుంచి తోక దాకా ఒక్క గీతలో చీల్చి, కనియాక్ తలెత్తి ఏటివైపు చూసింది. కూతురు నిలబడే ఉంది. తల దించి, వెన్నుముల్లుకు అటూ ఇటూ కత్తి నడిపి, రెండు పలకలూ తోక దగ్గర మాత్రం అతుక్కుని ఉండేలా వదిలి, ముల్లు లాగి పారేసింది. మళ్ళీ చూసింది. ఉంది. ఎర్రటి కండ మీద అడ్డంగా, నిలువుగా, తోలు తెగకుండా గాట్లు పెట్టి ఆరేసే కర్ర మీద వేలాడేసింది. చూసింది. ఉంది. అర్ధచంద్రంలా వంగిన ఆ కత్తి చిన్నప్పటి నుంచీ ఆమె చేతిలో ఆడుతోంది గనక వేళ్ళు మిగిలాయి గానీ, చేతిలో చేపను పెట్టుకుని అన్నిసార్లు పక్కకు చూసేవాళ్ళు ఆ తీరంలో ఎవరూ ఉండరు.

"మరదలా, చేపను కోస్తున్నావా, నా ప్రాణం కోస్తున్నావా? ఆ గాట్లు చూడు, తాగినవాడి నడకలా ఉన్నాయి," అన్నాడు వెనక నుంచి వచ్చిన నెర్లాక్. ఆమె భర్తకు అన్న. గాలంతో చేపలు పట్టడానికి వచ్చే అతిథుల కోసం ఊళ్ళో వేటగాళ్ళ సంఘం తరఫున ఈ శిబిరం నడిపేది అతనే.

"గాట్లు వంకరపోతే రుచి పోదులే బావా. అదిగో, దానికి నడుం దాకా వచ్చాయి నీళ్ళు."

"మోకాలి దాకా."

"ఇంత దూరం నుంచి నీకెలా తెలుస్తుంది?"

"నీకూ అంతే దూరం కదా!" అని నవ్వి, ఆరిన ముక్క ఒకటి విరిచి నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆగస్టు చివరి వారం. మూడు రోజులుగా చార్ చేపలు సముద్రం వదిలి ఏరు ఎక్కుతున్నాయి. కొత్తగా వచ్చినవి వెండిలా మెరుస్తున్నాయి. ముందే వచ్చి మడుగులో నిలిచినవి గుడ్లు పెట్టే కాలానికి పొట్ట అంతా నిప్పు రంగు తిరిగి, రెక్కల అంచు మాత్రం సున్నం గీసినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ ఎర్రవాటిలో మగచేప కోసమే దూరాన దక్షిణపు నగరం నుంచి వచ్చాడు గ్రేడన్. అరవై దాటినవాడు, ఛాతీ దాకా దిగిన తెల్లగడ్డం. శిబిరంలో అందరికీ 'గడ్డమాయన'. ఈ చేప కోసం ఉత్తర ధ్రువపు అంచుకు రావడం అతనికిది అయిదోసారి. అతన్ని ఏట్లో నడిపించే పని ఈ వారం కనియాక్ కూతురు అవాలక్‌ది. ఆ పిల్లకు ఇరవై ఒకటి. వసంతంలో పరీక్ష రాసి అనుమతి కాగితం తెచ్చుకుంది. గాలం అతిథులను నడిపించడం ఇదే మొదటి ఎండాకాలం.

గాలి ఇటు తిరిగినప్పుడు కూతురి మాట ముక్కలు ముక్కలుగా వినబడుతోంది.

"ఆకలితో రాదండీ అది. ఇప్పుడు దాని పొట్టలో ఏమీ లేదు. కోపంతో వస్తుంది. ఎర వెనకాలే వచ్చి, చూసి, వెనక్కి వెళ్ళిపోయిందంటే రంగు నచ్చలేదన్నమాట. మార్చండి... ఊఁహూఁ, అంత తొందరగా చుట్టకండి. రాయి వెనకాల నీళ్ళు నిలిచి ఉన్నాయి చూడండి, అక్కడికి దాన్నంతట దాన్నే పోనివ్వండి."

గడ్డమాయన చెంచాలా మెరిసే గులాబీరంగు రేకు ఎర కట్టి విసిరాడు. రెండు చేపలు పడ్డాయి, రెండూ వెండివే. ఎదురుముల్లు లేని గాలం గనక అవాలక్ నీళ్ళలోనే వేళ్ళతో తప్పించి, చేప తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, ఊపిరి అందాక వదిలేసింది. పట్టిన చేపను వదిలేయడమేమిటో కనియాక్‌కు ఈనాటికీ మింగుడు పడదు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని గుమ్మం దాకా రానిచ్చి తలుపు వేసినట్టుంటుంది ఆమెకు.

మధ్యాహ్నం చేప పులుసు తాగడానికి వచ్చిన కూతురి చేతులు పట్టుకుని చూసింది. మంచుగడ్డల్లా ఉన్నాయి.

"ఏం నాన్నా, కాళ్ళు తిమ్మిరెక్కాయా?"

అవాలక్ ముక్కు చిట్లించింది. లేదట.

"నడుం దాకా దిగావా?"

మళ్ళీ ముక్కు.

"నిజంగా?"

కనుబొమలు పైకి లేచాయి. నిజమేనట. నోట్లో రొట్టె ఉంది మరి.

'నాన్నా' అన్నది ముద్దుకు పిలిచే పిలుపు కాదు. అవాలక్ కనియాక్ తండ్రి పేరు. ఆయన పోయిన ఏడే ఈ పిల్ల పుట్టింది. పేరుతో పాటు మనిషీ వస్తాడు. కన్నతండ్రిని పట్టుకుని "ఏట్లో దిగావంటే ఊరుకోను" అని ఏ కూతురంటుంది? అందుకే ఇన్నేళ్ళలో ఆ పిల్లను కనియాక్ ఒక్కదానికీ వద్దనలేదు. మంచు మీద బండి తోలతానన్నప్పుడు అనలేదు, తుపాకీ పట్టినప్పుడు అనలేదు, ఏట్లో పని తెచ్చుకున్నప్పుడూ అనలేదు. అనలేని మాటలన్నీ లోపలే పేరుకుపోయి, రాత్రి కళ్ళు మూసుకుంటే చాలు నీళ్ళ చప్పుడై వినబడేవి.

"పులుసు ఇంకొంచెం పోయనా?" అంది చివరికి.

*

మంగళవారం పది గంటల వేళ ఎర్ర మగచేప పడింది.

కనియాక్ చూడకముందే విన్నది. రీలు కీచుమంది. గాలపు కర్ర విల్లులా వంగింది. చేప ఒకసారి నీటి పైకి లేచి అడ్డం తిరిగింది. వంకీ తిరిగిన కింది దవడ, మంటలాంటి పొట్ట, చేయంత పొడవు. లేచిన చోటే పడి, మడుగు వదిలి దిగువకు పరుగెత్తింది. గడ్డమాయన కర్ర పైకెత్తి ఒడ్డు వెంట దాని వెనకే నడిచాడు. రెండో చేయి చాపి గులకరాళ్ళ మీద తూలకుండా చూసుకుంటూ, నోరు తెరిచి, పసిపిల్లాడిలా. అవాలక్ వల పట్టుకుని పక్కనే నడిచింది.

మడుగు చివర నల్లటి బండ ఒకటి బల్లలా నీళ్ళలోకి చొచ్చుకుని ఉంటుంది. దాని పైన నీళ్ళు చీలమండ దాకానే. కానీ పాచి. బండ దాటితే ఏరు ఇరుకై, తెల్లగా నురుగు కక్కుతూ మనిషి ఎత్తున కిందకు దూకుతుంది. అక్కడ అరిచినా పక్కవాడికి వినబడదు.

చేపలు ఆరేసే కర్రలు సరిగ్గా ఆ బండకు పైనే, గట్టు మీద ఉన్నాయి. ముప్ఫై అడుగులు ఉంటుందేమో. కనియాక్ చేతిలో కత్తి ఆగిపోయింది.

గడ్డమాయన బండ దగ్గర ఆగాడు. దారం ఇంకా పోతూనే ఉంది. బండ ఎక్కితే తప్ప చేపను మలుపు తిప్పలేడు. అతను తల తిప్పి అవాలక్ వైపు చూసి, గడ్డంతో బండను చూపించి ఏదో అడిగాడు. అవాలక్ అతని మొహంలోకి సూటిగా చూసి ముక్కు చిట్లించింది. అతను మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ, ఈసారి కళ్ళు మూసుకుపోయేంత గట్టిగా చిట్లించింది.

అతను బండ మీద కాలు పెట్టాడు.

రెండో అడుగు పడనే లేదు. కాళ్ళు రెండూ ఒక్కసారే ముందుకు పోయాయి. వీపు మీద పడి, జారి, బండ అంచు అవతల తల ఒక్కటే కనబడింది. రొమ్ము దాకా తొడుక్కున్న రబ్బరు బట్టల్లోకి నీళ్ళు పోతున్నాయి. దారం మణికట్టుకు చుట్టుకుంది. అటు చేప లాగుతోంది, ఇటు ఏరు లాగుతోంది. కనియాక్ పరుగెత్తాలనుకుంది. కదల్లేదు. అవాలక్ వల పారేసి, బండ మీద నిలబడకుండా బోర్లా పడుకుని, పాము పాకినట్టు పాకి అతని కోటు మెడ పట్టుకుంది. పట్టుకున్న చేయి భుజం దాకా, భుజం నుంచి గడ్డం దాకా నీళ్ళలో మునిగింది. రెండో చేయి నడుం దగ్గరి కత్తి తీసి దారం తెంపింది. కర్ర కొట్టుకుపోయింది. చేప పోయింది. ఆ పిల్ల తల నురుగులో ఒకసారి మునిగి తేలింది. కనియాక్ లెక్కపెట్టలేదు గానీ అడిగితే చెప్పగలదు, ఆ తల పదిసార్లు ఊపిరి పీల్చేంత సేపు నీళ్ళలో ఉంది.

తర్వాత ఇద్దరూ గులకరాళ్ళ మీద పడి దగ్గుతున్నారు. నెర్లాక్ పరుగెత్తుకొస్తున్నాడు. కనియాక్ ఇంకా కర్రల దగ్గరే, కత్తి పిడి అరచేతిలో అచ్చుపడేలా పట్టుకుని నిలబడి ఉంది. దగ్గు ఆగాక అవాలక్ తలెత్తి గట్టు వైపు చూసింది. తల్లీ కూతుళ్ళ కళ్ళు కలిశాయి.

*

గడ్డమాయనకు మణికట్టు బెణికింది, అంతే. పొయ్యి పక్కన దుప్పట్లలో కూర్చోబెట్టి పంచదార బాగా పోసిన టీ తాగించారు. వణుకు తగ్గేదాకా మాట్లాడలేదు. తగ్గాక గొంతు పెంచకుండా మాట్లాడాడు. అదే భయంగా ఉంది కనియాక్‌కు. అరిచేవాళ్ళయితే అరిచి ఊరుకుంటారు.

"నేను రెండుసార్లు అడిగాను. ఎక్కవచ్చా అని. వేలు పెట్టి చూపించినంత స్పష్టంగా అడిగాను. ఆ అమ్మాయి నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే వెళ్ళమనేగా? అయిదేళ్ళుగా వెతుకుతున్న చేప అది. పైగా చచ్చేవాణ్ణి."

నెర్లాక్ అవాలక్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పలేదా?"

"వద్దన్నాను."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"ఒక్క మాట కూడా రాలేదు ఆమె నోట్లోంచి," అన్నాడు గడ్డమాయన. "అబద్ధం చెబుతోంది."

అవాలక్ మొహం కందిపోయింది. పెద్దవాళ్ళు అబద్ధమన్నాక ఎదురు వాదించే అలవాటు ఆ ఇంట్లో లేదు.

సంఘం రాసుకున్న నియమం అందరికీ తెలుసు. నడిపించేవాళ్ళ తప్పు వల్ల అతిథికి ప్రాణం మీదికొస్తే వాళ్ళ కాగితం వెనక్కి తీసుకుంటారు. ఇక నీటి పని ఇవ్వరు, ఈ ఏడూ, వచ్చే ఏడూ, ఏ శిబిరంలోనూ. గురువారం లోగా జరిగింది రాసి పంపాలి.

"మరదలా, నువ్వు పైన కర్రల దగ్గరే ఉన్నావు కదూ?"

కనియాక్ తల తిప్పింది. కూతురి జుట్టులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ఆ చుక్కలు నేల మీద పడడం చూసింది.

"పొయ్యి మీద నూనె మాడుతోంది బావా," అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

*

బుధవారం ఏట్లోకి గడ్డమాయనతో నెర్లాకే వెళ్ళాడు. అవాలక్ వంటగదిలో ఉల్లిపాయలు కోసింది, గిన్నెలు తోమింది, పిండి కలిపింది. తల్లి ఏది చెబితే అది చేసింది. కనియాక్ ఆ రోజు చేపలు కోస్తుంటే ఒక్కసారీ తలెత్తాల్సిన పని పడలేదు. గాట్లు గీసినట్టు వచ్చాయి. కూతురు పది అడుగుల్లో, పొడి బట్టల్లో, వెచ్చగా ఉంది. ఇంతకంటే ఏం కావాలి? ఆ గడ్డమాయన అబద్ధాలకోరు, నిజమే. కళ్ళెదుట వద్దన్నా బండ ఎక్కి, ఇప్పుడు వినలేదంటాడు. కానీ ఆ అబద్ధం చేసే మేలు తనకు ఇరవై ఏళ్ళుగా చేతకాలేదు. తను కాదనలేని దాన్ని అతను కాదనేస్తున్నాడు. తను చేయాల్సిందల్లా నోరు మూసుకోవడం.

"నాన్నా, బియ్యం కడుగుతావా?"

కడిగింది.

"నాన్నా, చలిగా ఉందేమో, కోటు వేసుకో."

వేసుకుంది.

పిల్ల కోప్పడితే బాగుండుననిపించింది. చూశావు కదా, చెప్పవేం అని ఒక్కసారి అడిగితే ఏదో ఒక సాకు చెప్పి ఏడ్చేది. అవాలక్ అడగలేదు. కిటికీ ఉన్న వైపు వీపు పెట్టుకుని గిన్నెలు తోమింది. అవతల ఏట్లో ఎవరో చేప పట్టి కేక వేసినప్పుడు ఆ భుజాలు మాత్రం ఒకసారి బిగిసి వదులయ్యాయి.

రాత్రి నీళ్ళ చప్పుడు వినబడలేదు. హాయిగా పట్టాల్సిన నిద్ర పట్టలేదు.

*

గురువారం పొద్దున నెర్లాక్ భోజనాల బల్ల మీద కాగితం పరిచాడు. ఒక పక్క గడ్డమాయన, చేతికి కట్టుతో. అవాలక్ గోడకు ఆనుకుని, తడిగుడ్డ చేతిలో నలుపుతూ నిలబడింది. కనియాక్ టీ గిన్నె పట్టుకుని వచ్చింది.

"కూర్చో మరదలా. గిన్నె అక్కడ పెట్టు. ఈసారి ఏ నూనే మాడదు," అన్నాడు నెర్లాక్. నవ్వుతూ అనలేదు. "సాక్షి గురించి ఒక గడి ఉంది. రాయాలి. మంగళవారం బండ దగ్గర వీళ్ళిద్దరి మధ్యా ఏం జరిగిందో నువ్వు చూశావా?"

గడ్డమాయన ఆమెకు ఎదురుగానే ఉన్నాడు. అతని నీలికళ్ళు ఆమె మీదే ఉన్నాయి. అబద్ధాలకోరు, అనుకుంది. నీతో పాటు నేనూ.

ముక్కు చిట్లించింది.

నెర్లాక్ నిట్టూర్చి కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు.

"ఏం రాస్తున్నారు?" అన్నాడు గడ్డమాయన.

"చూడలేదని."

"ఆవిణ్ణి చెప్పనివ్వండి ముందు."

"చెప్పింది కదా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మీ ఎదురుగానే."

"నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. నోరు విప్పలేదు," అన్నాడు గడ్డమాయన, ఇతనికి మతిపోయిందా అన్నట్టు.

నెర్లాక్ కలం కాగితం మీదే ఆగిపోయింది. సిరా చుక్క ఒకటి అక్కడ పెద్దదవుతోంది. అతను మెల్లగా తలెత్తి గడ్డమాయనను చూశాడు, తర్వాత గోడ దగ్గరున్న పిల్లను చూశాడు, తర్వాత తన ముక్కు తనే చిట్లించాడు.

"ఇది... ఇదేమిటో తెలుసా మీకు?"

"తుమ్ము వస్తోందా?"

"'కాదు' అనడం ఇది. 'లేదు', 'వద్దు', అన్నీ ఇదే. మా పసిపిల్లలకు మాటలకంటే ముందు వచ్చేది ఇదే." "మొదటి రోజు మీకు ఎలుగుబంట్ల గురించి చెప్పాను. గాలం గుచ్చుకుంటే ఏం చేయాలో చెప్పాను. ఇది చెప్పాలని... ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నాను, ఎవరికీ చెప్పాలని తోచలేదు. కళ్ళు ఆర్పడం గురించి ఎవరైనా చెబుతారా?"

గడ్డమాయన మొహంలో కోపం ఉన్న చోట ఏమీ లేకుండా పోయింది.

"నేను అడిగాను. ఆమె నావైపు చూసింది. అంతవరకూ గుర్తుంది," అన్నాడు. "మొహం అలా పెట్టిందో లేదో... ఎండ కళ్ళలో పడుతోంది ఇద్దరికీ. నా ధ్యాసంతా దారం మీద ఉంది. పెట్టి ఉంటే నేను ఆమెను అన్న మాట తప్పు. పెట్టకపోతే కాదు. నాకు తెలియదు. ఉన్నదే చెబుతున్నాను."

కనియాక్ చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇతను అబద్ధం చెప్పలేదు. మంగళవారమూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడం లేదు. కూతురూ చెప్పలేదు. ఆ గదిలో అబద్ధం చెప్పింది ఒక్క తనే.

ఇంకా దాటిపోవచ్చు. చూడలేదని ఒకసారి అనేసింది, అదే నిలబడుతుంది. ఎవరూ ఒత్తిడి చేయడం లేదు. అవాలక్ కూడా ఆమె వైపు చూడడం లేదు. తల బాగా దించుకుని, చేతిలోని తడిగుడ్డనే చూస్తోంది. ఆ తల ఎందుకు దించుకుందో కనియాక్‌కు అర్థమైంది. తల్లి తన కళ్ళలోకి చూడాల్సిన అవసరం రాకూడదని. రెండు రోజులుగా కిటికీకి వీపు పెట్టి నిలబడింది ఏటి మీద బెంగతో కాదు, కిటికీ అవతల చేపలు కోస్తున్న తల్లి కళ్ళు తప్పించడానికి.

"చేసింది," అంది కనియాక్ తమ భాషలో.

నెర్లాక్ తిరిగి చూశాడు.

"ముక్కు చిట్లించింది. రెండుసార్లు. రెండోసారి గట్టిగా. అప్పుడు ఆయన కాలు పెట్టాడు. కుడికాలు."

"ఇప్పుడేగా చూడలేదన్నావు?"

"అన్నాను."

"ఎందుకన్నావమ్మా?" అన్నాడు. మరదలా అనలేదు.

"నీళ్ళలోకి మళ్ళీ దిగకూడదని," అంది కనియాక్. "తల మునిగింది బావా. దాని తల మునిగింది. నేను చూస్తూ నిలబడ్డాను, కాళ్ళు రాలేదు. ఇంట్లో కూర్చోబెట్టే దారి నాకు వేరే ఏముంది?"

"ఏమంటోంది?" అని గడ్డమాయన అడిగాడు.

నెర్లాక్ కాగితం నాలుగు మడతలు పెట్టి చించాడు. "చూశానంటోంది," అన్నాడు. మిగతాది అతనికి చెప్పలేదు.

గడ్డమాయన లేచి అవాలక్ దగ్గరికి వెళ్ళి, కట్టు లేని చేయి చాపాడు. అబద్ధమన్నందుకు క్షమించమన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, విమానం రేపు కదా, మధ్యాహ్నం ఏట్లోకి తీసుకెళ్ళడానికి ఆమెకు అభ్యంతరమా అని అడిగాడు. అడిగి, జవాబు కోసం ఆమె మొహంలోకి ఎంత శ్రద్ధగా చూశాడంటే నెర్లాక్‌కు నవ్వాగలేదు. అవాలక్‌కూ ఆగలేదు.

*

భోజనాలయ్యాక కనియాక్ కర్రల దగ్గరికి పోలేదు. శిబిరం సామాన్ల గదిలో వేలాడుతున్న రబ్బరు బట్టల్లో అన్నిటికంటే పొట్టివి వెతికి తొడుక్కుని, భుజాల పట్టీలు ఎలా బిగించాలో తెలియక చేత్తో పట్టుకుని ఏటి ఒడ్డుకు వచ్చింది. అవాలక్ కొత్త గాలానికి దారం కడుతోంది. తల్లిని చూసి నోరు తెరిచింది.

"ఆయన వచ్చేలోపు ఒకసారి నాకు చూపించు," అంది కనియాక్. "నువ్వు రోజూ ఎక్కడ నిలబడతావో."

"అమ్మా, నీకు ఈత రాదు."

"నీకు మాత్రం వచ్చా? ఈ నీళ్ళలో ఎవరికొస్తుంది! పద."

అవాలక్ ఆమె పట్టీలు బిగించి, తన నడుం పట్టీలో తల్లి చేతివేళ్ళు దూర్చి గట్టిగా పట్టుకోమంది. ఇద్దరూ దిగారు.

చలి రబ్బరు బట్టలోంచి పిండినట్టు తాకింది. మోకాళ్ళ దగ్గర నీళ్ళు మనిషి తోసినట్టే తోశాయి. కనియాక్ ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి వదులు. కాలు ఎత్తకు, జరుపు. ఎడమ వైపు రాయి తగిలిందా? అది కదలదు. దాని మీద బరువు వెయ్యి. ఇప్పుడు రెండోది. ఆగు."

"ఇక్కడేనా?"

"ఇక్కడే. ఇంతకంటే లోపలికి నేను వెళ్ళను. అదిగో, అక్కడ నీళ్ళ రంగు మారింది చూడు, పచ్చగా. అక్కడి నుంచి బండ దాకా నాకూ భయమే."

"నీకు భయమా?"

"రోజూ," అంది అవాలక్. "భయం లేకపోతే కాలు ఎక్కడ పెడుతున్నానో ఎందుకు చూస్తాను?"

వాళ్ళ ముందు, చేయి చాపితే అందేంత దూరంలో, రాయి నీడలోంచి ఎర్రటి వీపు ఒకటి పైకి తేలి, ఇద్దరినీ చూసినట్టు ఆగి, తోక ఒక్కసారి ఆడించి లోపలికి పోయింది. కనియాక్ దాన్ని సరిగా చూడనే లేదు. ఆమె పాదం కింద రాయి చదునుగా, గట్టిగా ఉంది. దాన్ని బొటనవేలితో తడిమి తడిమి చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆమెకు ఏరంతా భయమే. ఇప్పుడు ఎక్కడి నుంచి భయపడాలో తెలిసింది.

ఒడ్డున గడ్డమాయన వచ్చి నిలబడ్డాడు.

"వెళ్ళు నాన్నా," అని, కనియాక్ కూతురి నడుం పట్టీ వదిలి, వచ్చిన రాళ్ళ మీదుగానే కాలు జరుపుకుంటూ ఒక్కతే ఒడ్డుకు నడిచింది.